కంట్రోల్ రూము పుస్తకం ఊరికీ చూపాలి

చేవెళ్ళ, మొయినాబాదు మండలాల్లో ఇప్పుడు ఏ దారిన పోయినా మట్టి కుప్పలే కనబడుతున్నాయి. ఒకచోట వెంచరుకు రోడ్లు తీస్తున్నారు. ఇంకొకచోట ఫాంహౌసు ప్రహరీకి పునాది తవ్వుతున్నారు. మరోచోట బోరుబండి దిగింది. బీజాపూరు రోడ్డు విస్తరణ, మంచినీటి గొట్టాలు, టెలిఫోను కేబుళ్ళు, వీటన్నిటికీ భూమి తవ్వాల్సిందే. తవ్వేవాడికి తన పని తెలుసు. ఆ భూమి కింద అంతకు ముందు ఎవరు ఏమి పాతిపెట్టారో మాత్రం తెలియదు. అడిగితే చెప్పే నాథుడూ కనబడడు.

మంచినీటి గొట్టం పగిలితే నాలుగు రోజులు బిందెలు మోసుకుంటాం. కేబులు తెగితే ఫోను మూగపోతుంది. గ్యాసు గొట్టమో, పెట్రోలు గొట్టమో పగిలితే మాత్రం ప్రాణాలే పోతాయి. రాజధాని చుట్టుపట్ల ఇటువంటి గొట్టాలు ఏటేటా పెరుగుతున్నాయి. కనుక వాటి భద్రత గురించి మన ప్రాంతంలో చర్చ జరగవలసిన సమయం ఇదే. ఏదైనా జరిగిన తరువాత చర్చించుకుంటే అది చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందమే అవుతుంది.

భద్రత అనగానే గొట్టం ఎంత మందం, ఎంత లోతున వేశారు, వెల్డింగు సరిగా ఉందా అని అడుగుతాం. అవి అడగవలసినవే. అంతకన్నా ముఖ్యమైనా ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ గొట్టాన్ని రాత్రింబవళ్ళు కనిపెట్టి ఉండే కంట్రోల్ రూములో ఏమి రాస్తున్నారు? ఎప్పుడు రాస్తున్నారు? రాసినదాన్ని ఎవరు చూస్తున్నారు?

తూము దగ్గరి మనిషి

మన ఊళ్ళలో చెరువు తూముకు నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలి అన్నది అతని పని. అందుకు అతను పుస్తకం రాయవలసిన అవసరం రాలేదు. తప్పు జరిగితే సాయంత్రానికి ఊరంతా అతని గుమ్మం ముందు ఉండేది. కట్ట తెగితే మునిగే ఇళ్ళలో అతని ఇల్లూ ఒకటి. చేసే మనిషి, నష్టపోయే మనిషి ఒకే ఊళ్ళో ఉన్నందువల్ల జవాబుదారీ దానంతట అదే ఉండేది.

పెద్ద జలాశయాలు వచ్చాక ఆ పద్ధతి చాలలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై నిజాం ప్రభుత్వం మన పొరుగునే రెండు జలాశయాలు కట్టించింది. గండిపేట అని మనం పిలుచుకునే ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇక్కడ గేటు ఎత్తితే మునిగేది నగరంలో మూసీ ఒడ్డున ఉన్నవాళ్ళు. గేటు తిప్పే మనిషికి వాళ్ళు కనబడరు. అందువల్లనే వచ్చే నీరెంత, వదిలే నీరెంత, మట్టం ఎంత అని ఎప్పటికప్పుడు రాసి దిగువకు చెప్పవలసిన అవసరం వచ్చింది. 2025 సెప్టెంబరు చివరి వారంలో గేట్లు ఎత్తాక మూసీ పొంగి నగరంలోని మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీరు చేరింది. గేటు ఎన్ని గంటలకు ఎత్తారు, కబురు ఎన్ని గంటలకు చేరింది అన్న ఒక్క ప్రశ్న మీద ఎందరి బతుకులు ఆధారపడి ఉంటాయో ఆ రోజు మళ్ళీ తెలిసివచ్చింది.

గ్యాసు, పెట్రోలు గొట్టాల విషయంలో ఈ దూరం ఇంకా పెరిగింది. గేటు దగ్గరి మనిషికి కనీసం నీటి చప్పుడు వినబడుతుంది. గొట్టం కంట్రోల్ రూము వందల కిలోమీటర్ల అవతల, వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో ఉండవచ్చు. అక్కడి ఉద్యోగికి మన ఊరు తెర మీద ఒక చుక్క. మన ఊరికి ఆ ఉద్యోగి ఎవరో తెలియదు. ఈ ఇద్దరినీ కలిపే దారం ఒక్కటే. అది అక్కడ రాసే లాగ్ బుక్కు.

ఆ గదిలో జరిగేది

గొట్టం పొడవునా అక్కడక్కడ వాల్వు స్టేషన్లు ఉంటాయి. ప్రతి స్టేషనులోనూ ఒత్తిడి ఎంత, ప్రవాహం ఎంత, వేడి ఎంత అని కొలిచే మీటర్లు ఉంటాయి. ఆ అంకెలు కేబులు ద్వారా కంట్రోల్ రూముకు చేరి తెర మీద కనబడతాయి. ఈ ఏర్పాటునే స్కాడా అంటారు. ఒకవైపు నుంచి ఎంత సరుకు ఎక్కిస్తున్నారు, మరోవైపు ఎంత దిగుతోంది అని లెక్క కడతారు. తేడా వచ్చినా, ఒకచోట ఒత్తిడి హఠాత్తుగా పడిపోయినా గంట మోగుతుంది. అవసరమైతే అక్కడి నుంచే వాల్వు మూసివేయవచ్చు.

చెప్పుకోవడానికి ఇది ఎంతో బాగుంది. కాని గంట మోగిన ప్రతిసారీ ప్రమాదం ఉండదు. మీటరు చెడినా మోగుతుంది. పంపు ఆపినా, వేసినా మోగుతుంది. కేబులు తెగినా మోగుతుంది. పదే పదే మోగే గంటను మనిషి చెవి క్రమంగా పట్టించుకోవడం మానేస్తుంది. అర్ధరాత్రి షిఫ్టులో, నిద్ర ముంచుకొచ్చే వేళ, ఇది కూడా అటువంటిదేలే అనుకోవడం మానవ సహజం.

అందుకే పుస్తకం. ఏ గంట ఎన్ని గంటలకు మోగింది, ఎవరు చూశారు, కారణం ఏమనుకున్నారు, ఏమి చేశారు, ఎవరికి ఫోను చేశారు, షిఫ్టు మారేటప్పుడు వచ్చిన మనిషికి ఏమి అప్పగించారు, ఇవన్నీ అప్పటికప్పుడు రాయాలి. మూడు షిఫ్టుల్లో మూడుసార్లు ఒకే చోట ఒత్తిడి కొద్దికొద్దిగా పడితే, ఒక్కో ఉద్యోగికి అది చిన్న విషయంగానే తోస్తుంది. మూడూ ఒకే పేజీలో పక్కపక్కన ఉంటేనే నాలుగో ఉద్యోగికి అనుమానం వస్తుంది.

పుస్తకం విలువ మన రైతులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మోటారుకు కరెంటు ఎన్ని గంటలు వచ్చిందన్న తగాదా వస్తే సబ్‌స్టేషను లాగ్ బుక్కే సాక్ష్యం. 2023లో 24 గంటల కరెంటు వివాదం రేగినప్పుడు రాజకీయ పక్షాలు ఆ పుస్తకాలనే ముందు పెట్టుకుని వాదించుకున్నాయి. మీటింగుల్లో ఎవరు ఏమన్నా, రాత్రి షిఫ్టులో ఆపరేటరు తన చేత్తో రాసిన టైము ముందు ఆ మాటలు నిలబడవు. కరెంటు విషయంలో ఉన్న ఈ తెలివిడి గొట్టాల విషయంలోనూ రావాలి.

నగరం గ్రామం నేర్పిన పాఠం

2014 జూన్ 27 తెల్లవారుజామున తూర్పు గోదావరి జిల్లా మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాసు గొట్టం పేలింది. ఆ ఊరు ఇప్పుడు కోనసీమ జిల్లాలో ఉంది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయే 18 అంగుళాల గొట్టం అది. రాత్రి నుంచి కారిన గ్యాసు ఊరి మీద పరుచుకుంది. తెల్లవారి ఎవరో పొయ్యి వెలిగించగానే ఇళ్ళు, కొబ్బరి చెట్లు, మనుషులు ఒక్కసారే అంటుకున్నారు. ఇరవైకి పైగా ప్రాణాలు పోయాయి. నిద్రలోనే పోయినవాళ్ళు, పిల్లలను ఎత్తుకుని పరుగెత్తుతూ పోయినవాళ్ళు ఉన్నారు.

విచారణలో తేలిన విషయం ఆలోచించదగ్గది. పొడి గ్యాసు పంపడానికి వేసిన గొట్టంలో తేమ ఉన్న గ్యాసు పంపారు. తేమ తీసే యంత్రం పెట్టలేదు. నీరు చేరి లోపలి నుంచి ఇనుము తుప్పు పట్టింది. ఇది ఒక్క రాత్రిలో జరిగింది కాదు. ఏళ్ళ తరబడి గొట్టంలోకి ఏ రకం గ్యాసు పోతున్నదో లెక్క ఉన్నప్పుడు, ఆ లెక్కను గొట్టం దేనికోసం వేశారన్న కాగితంతో పక్కపక్కన పెట్టి చూసినవారు ఉంటే ప్రమాదం ముందే కనబడి ఉండేది.

ముందు నుంచీ వాసన వస్తున్నదని చెప్పామని, పట్టించుకున్నవారు లేరని గ్రామస్థులు ఆ రోజు మొత్తుకున్నారు. ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. ఊరి మనిషి చెప్పిన మాట ఏ పుస్తకంలో ఎక్కాలి? వాచ్‌మన్‌కు చెబితే ఎక్కుతుందా? ఫోను చేస్తే ఎక్కుతుందా? ఎక్కితే దానికి ఒక నెంబరు ఉంటుందా? పోస్టాఫీసులో రిజిస్టరు ఉత్తరం ఇస్తే చేతికి రశీదు వస్తుంది. గ్యాసు వాసన వస్తున్నదని చెప్పిన మనిషికి ఏ రశీదూ లేదు. మర్నాడు ప్రమాదం జరిగితే, నువ్వు చెప్పినట్టు రుజువేమిటి అని అతనినే అడుగుతారు.

రాసిన అంకె ఎక్కడిది?

పుస్తకం నిండా అంకెలు ఉన్నంత మాత్రాన సరిపోదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు వెలువడి 12 మంది మరణించారు. అది ట్యాంకు ప్రమాదం, గొట్టం ప్రమాదం కాదు. అయినా కంట్రోల్ రూముల రాతకోతలకు అది పెద్ద పాఠం. ట్యాంకులో వేడిని అడుగు భాగంలో మాత్రమే కొలిచే ఏర్పాటు ఉండేదని ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి సంఘం తేల్చింది. పై భాగం కాగిపోతున్నా పుస్తకంలో ఎక్కేది చల్లని అడుగు అంకె. కర్మాగారంలో 36 చోట్ల నుంచి సైరన్ మోగించే వీలున్నా ఆ రాత్రి ఎవరూ మోగించలేదని కూడా ఆ సంఘమే చెప్పింది. ఊరికి కబురు చెప్పే పని ఎవరిదో స్పష్టంగా ఉండి ఉంటే 36 బటన్లలో ఒక్కటైనా నొక్కేవారు కారా?

అమెరికాలో ఇంకొక రకం తప్పు జరిగింది. 2010 సెప్టెంబరు 9న కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనో అనే ఊళ్ళో ఇళ్ళ మధ్య గ్యాసు గొట్టం పేలి 8 మంది చనిపోయారు. 38 ఇళ్ళు బూడిదయ్యాయి. ఆ గొట్టానికి పొడవునా అతుకు లేదని కంపెనీ రికార్డులో ఉంది. మట్టిలో నుంచి తీసి చూస్తే అతుకు ఉంది, ఆ అతుకులో లోపమూ ఉంది. 1956లో వేసిన గొట్టం గురించి కాగితంలో చేరిన ఒక తప్పుడు మాటను యాభై ఏళ్ళకు పైగా అందరూ నమ్మారు. పేలిన తరువాత గ్యాసు ఆపడానికి గంటన్నర పట్టింది. పలు నేరాల కింద 2016లో ఆ కంపెనీని కోర్టు దోషిగా తేల్చింది. 

పదిహేడు గంటలు

అదే 2010లో జూలై 25న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం మార్షల్ అనే పట్టణం దగ్గర ముడిచమురు గొట్టం పగిలింది. కంట్రోల్ రూము కెనడాలో ఉంది. గంటలు మోగుతూనే ఉన్నాయి. గొట్టంలో అక్కడక్కడ గాలి బుడగ ఏర్పడినట్టుందని ఉద్యోగులు అనుకున్నారు. షిఫ్టు మారింది. వచ్చినవాళ్ళూ అదే అనుకున్నారు. ఒత్తిడి రావడం లేదని రెండుసార్లు పంపులు వేసి ఇంకా చమురు తోశారు. పారిన దాంట్లో ఎక్కువ భాగం అలా తోసిందే. 17 గంటలు గడిచాక, అక్కడి ఒక స్థానిక గ్యాసు సంస్థ ఉద్యోగి కాలువలో చమురు చూసి ఫోను చేస్తే గాని కంట్రోల్ రూముకు విషయం తెలియలేదు. అప్పటికి దాదాపు 32 లక్షల లీటర్ల చమురు పారిపోయింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. అంత ఖరీదైన యంత్రాలు పట్టుకోలేని లీకును గట్టున నిలబడిన మనిషి కన్ను పట్టుకుంది. నగరం గ్రామంలోనూ మొదట తెలిసింది ఊరివాళ్ళ ముక్కుకే. కనుక గొట్టం మీద బతికే ఊరును కంపెనీ తన మీటర్లలో ఒక మీటరుగా లెక్కించాలి. ఆ మీటరు చెప్పినదీ పుస్తకంలో ఎక్కాలి.

ఇటువంటి అనుభవాలతోనే అమెరికా ప్రభుత్వం 2009 డిసెంబరులో గొట్టాల కంట్రోల్ రూములకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఎవరి బాధ్యత ఏమిటో రాసిపెట్టాలి. షిఫ్టు మారేటప్పుడు ఏమి అప్పగించారో నమోదు చేయాలి. ఉద్యోగికి రెండు షిఫ్టుల మధ్య 8 గంటలు ఎడతెగకుండా నిద్రపోయే వ్యవధి ఉండాలి. గంటలు ఎక్కువగా మోగుతున్నాయా అని ఏటా సమీక్షించాలి. నిబంధన పాటించినట్టు రికార్డు చూపాలి. ఎప్పుడైనా నిబంధన తప్పవలసి వస్తే, భద్రత కోసమే తప్పామని కూడా కాగితం మీద రుజువు ఉండాలి. మార్షల్ ప్రమాదం జరిగే నాటికి ఈ నిబంధనలు పుస్తకాల్లోకి వచ్చాయే గాని కంట్రోల్ రూముల్లో పూర్తిగా అమలులోకి రాలేదు. చట్టం రాయడానికీ, అమలు కావడానికీ మధ్య ఉన్న సందులోనే ప్రమాదం దూరుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

మన చట్టంలో ఊరు ఎక్కడ?

మన దేశంలో చట్టాలు లేవని ఎవరూ అనలేరు. 2006లో పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ బోర్డు చట్టం వచ్చింది. ఆ బోర్డు 2009లో గ్యాసు గొట్టాలకు భద్రతా ప్రమాణాలు పెట్టింది. 2010లో ప్రమాద సమయంలో ఏమి చేయాలో, మాక్ డ్రిల్లులు ఎలా జరపాలో నిబంధనలు చేసింది. 2012లో గొట్టం బాగోగులు ఎప్పటికప్పుడు చూసుకోవలసిన పద్ధతిని నిర్ణయించింది. చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేటు ప్రమాణాలు వేరే ఉన్నాయి. ఈ లెక్కన కంపెనీలు రాయవలసిన పుస్తకాలు బోలెడు. వాటిని తనిఖీ అధికార్లు చూస్తారు, ఆడిటర్లు చూస్తారు, ఢిల్లీలో చూస్తారు. చూడనిది ఒక్క ఊరే.

ఊరి పేరు వచ్చేది భూమి తీసుకునేటప్పుడు. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల గొట్టాల చట్టం ప్రకారం భూమి రైతు పేరునే ఉంటుంది. వాడుకునే హక్కు మాత్రం కంపెనీకి పోతుంది. నోటిఫికేషను వచ్చిన తరువాత అభ్యంతరాలు చెప్పడానికి 21 రోజులు గడువు. వాడకపు హక్కుకు పరిహారం భూమి మార్కెట్టు విలువలో 10 శాతం. పంట నష్టం దానికి వేరు. గొట్టం పోయే పట్టీలో ఇల్లు కట్టరాదు. బావి, చెరువు తవ్వరాదు. చెట్టు నాటరాదు. పైరు మాత్రం పెట్టుకోవచ్చు. పూలు, కూరగాయలు పండించే మన రైతుకు ఇది వెంటనే ఇబ్బందిగా తోచకపోవచ్చు. చిక్కు వచ్చేది ఆ భూమి చేతులు మారినప్పుడు.

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాల్లో ఒక ఎకరం పదేళ్ళలో ఎన్ని చేతులు మారుతున్నదో అందరికీ తెలుసు. పరిహారం తీసుకున్న రైతు అమ్మి వెళ్ళిపోతాడు. కొన్నవాడు నగరంలో ఉంటాడు. అతను ప్లాట్లు చేసి ఇంకొందరికి అమ్ముతాడు. గెట్టున పాతిన గుర్తు రాయి జె.సి.బి.కి అడ్డం వచ్చిందని ఎవరో పీకి పక్కన పడేస్తారు. నాలుగో చేతికి వచ్చేసరికి కింద గొట్టం ఉందన్న మాటే మాసిపోతుంది. ఊళ్ళో చెప్పడానికి పాత పట్వారీ లేడు. 2020లో వి.ఆర్.ఓ. పోస్టులు రద్దయ్యాయి. రికార్డు కంప్యూటరులోకి వెళ్ళింది. గొట్టం హక్కు ఉన్న సంగతి ఆ రికార్డులో కొనేవాడికి కనబడకపోతే తప్పు ఎవరిది?

తవ్వే ముందు కింద ఏముందో కనుక్కోవడానికి కేంద్ర ప్రభుత్వం 2023 మార్చి 22న కాల్ బిఫోర్ యు డిగ్ అనే ఫోను యాప్ విడుదల చేసింది. మంచి ఆలోచనే. కాని గంటల లెక్కన బండి తిప్పే జె.సి.బి. డ్రైవరుకు, రాత్రికి రాత్రి బోరు వేసి పోయే బండివాడికి ఈ యాప్ సంగతి ఎవరు చెప్పారు? మండల కార్యాలయం గోడ మీద దీని గురించి ఒక బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

రహస్యం పేరుతో

ఊరికి చూపాలంటే కంపెనీలు ఒక అభ్యంతరం చెబుతాయి. గొట్టాల వివరాలు బయట పెడితే దొంగలు కన్నం వేస్తారని, విద్రోహులు వాడుకుంటారని అంటారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. గొట్టాలకు కన్నం వేసి పెట్రోలు దొంగిలించేవారు నిజంగానే ఉన్నారు. అటువంటివారికి శిక్షలు పెంచుతూ 2011లో చట్టాన్ని సవరించవలసి వచ్చింది. అయితే ఊరు అడుగుతున్నది వాల్వు తాళంచెవి కాదు, కంప్యూటరు పాస్‌వర్డు కాదు. మేము ఫోను చేసిన టైము రాశారా? ఎవరు వచ్చారు? ఎన్ని గంటలకు వచ్చారు? ఏమి తేల్చారు? ఈ నాలుగు సంగతులు చూపితే ఏ దొంగకూ లాభం లేదు. పైగా గుర్తు రాళ్ళు నిలబడి ఉన్న ఊళ్ళో, గొట్టం ఎక్కడుందో తెలిసిన రైతులున్న ఊళ్ళో రాత్రిపూట తవ్వకం జరిగితే దొంగను మొదట పట్టుకునేది ఆ రైతులే.

రెండో అభ్యంతరం ఉద్యోగుల నుంచి వస్తుంది. రాత పని పెంచితే కన్ను తెర మీద నుంచి కాగితం మీదికి పోతుందంటారు. ఇందులోనూ న్యాయం ఉంది. తనిఖీ కోసం నింపే ఫారాలు, ఒకే సంగతి మూడు చోట్ల రాసే పుస్తకాలు తగ్గించాలి. షిఫ్టు చివర ఒకేసారి కూర్చుని అన్ని గంటల గళ్ళూ ఒకే అంకెతో నింపే కాకి లెక్క కన్నా, జరిగిన సంగతి జరిగిన నిమిషంలో రాసిన రెండు పంక్తులు మేలు. రాసిన ఉద్యోగిని పట్టుకుని, ఎందుకు రాశావు, ఇప్పుడు దీనికి జవాబు ఎవరు చెప్పాలి అని గద్దించే అధికార్లు ఉన్నంతకాలం నిజం పుస్తకంలోకి రాదు. తప్పు జరిగినట్టు నిజాయితీగా రాసిన ఉద్యోగికి రక్షణ ఉండాలి. దిద్దిన ఉద్యోగికి, దిద్దించిన అధికారికి శిక్ష ఉండాలి.

చేయవలసిన పనులు

ఒకటి. చేవెళ్ళ, మొయినాబాదు మండల కార్యాలయాల్లో భూగర్భ గొట్టాల రిజిస్టరు పెట్టాలి. నీరు గాని, గ్యాసు గాని, నూనె గాని, ఏ సంస్థ గొట్టం ఏ ఊరి ఏ సర్వే నెంబరులో పోతుందో, ప్రమాదం వస్తే ఏ నెంబరుకు ఫోను చేయాలో అందులో ఉండాలి. గొట్టం లేని ఊరికి లేదనే రాయాలి. లేదని తెలియడం కూడా నిశ్చింతే.

రెండు. వాడకపు హక్కు ఉన్న సర్వే నెంబర్లలో ఆ సంగతి పాసు పుస్తకంలోనూ, భూభారతి రికార్డులోనూ కొనేవాడికి కనబడేటట్టు నమోదు చేయాలి. లేఅవుటుకు అనుమతి ఇచ్చే అధికార్లు ఆ నమోదు చూడకుండా సంతకం పెట్టరాదు.

మూడు. ఊరి మనిషి చేసిన ప్రతి ఫోనుకూ కంట్రోల్ రూము నెంబరు ఇవ్వాలి. ఆ నెంబరు, టైము ఎస్.ఎం.ఎస్.గా అతని ఫోనుకు రావాలి. మూడు నెలలకు ఒకసారి ఆ ఫిర్యాదుల జాబితాను, తీసుకున్న చర్యలను గ్రామసభలో చదివి వినిపించాలి.

నాలుగు. మాక్ డ్రిల్లు కంపెనీ గేటు లోపల ఫొటోలు తీసుకుని ముగించేది కాకూడదు. ఊళ్ళో జరపాలి. వాసన వస్తే పొయ్యి వెలిగించకూడదని, కరెంటు స్విచ్చి వేయడం గాని తీయడం గాని చేయకూడదని, బండి స్టార్టు చేయకూడదని, గాలి వచ్చే వైపుకు నడిచి పోవాలని, అక్కడి నుంచే ఫోను చేయాలని పిల్లలకు బడిలో నేర్పాలి. నగర గ్యాసుకు వాసన కోసం మందు కలుపుతారని, దూరపు గొట్టాల్లో గ్యాసుకు ఆ వాసన ఉండకపోవచ్చని, బుస కొట్టే చప్పుడు, పచ్చటి పైరులో ఒక్కచోటే ఎండిన పట్టీ, తడి నేలలో లేచే బుడగలు కూడా గుర్తులేనని చెప్పాలి.

ఐదు. గెయిల్, హెచ్.పి.సి.ఎల్. వంటి ప్రభుత్వ రంగ సంస్థలు 2005 సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. ఎవరో దరఖాస్తు పెట్టేదాకా ఆగకుండా తమంతట తామే ఫిర్యాదుల వివరాలు ప్రకటించవలసిన బాధ్యత వాటికుంది. ప్రైవేటు సంస్థలకూ ఇదే షరతు అనుమతి ఇచ్చేటప్పుడే పెట్టాలి.

బాధ్యత మన మీద కూడా ఉంది. గుర్తు రాయి పీకడం, పట్టీ మీద గోడ కట్టడం, కింద ఏముందో అడగకుండా బండి దించడం మన ఊళ్ళలో చిన్న విషయాలుగా చెల్లిపోతున్నాయి. సర్పంచులు, వార్డు సభ్యులు, జె.సి.బి. యజమానులు, బోరుబండ్ల యజమానులు ఈ విషయంలో ఒక మాట మీదికి రావాలి. రశీదు అడిగే హక్కు కావాలంటే, చూసింది చూసినట్టు వెంటనే చెప్పే అలవాటు కూడా కావాలి.

నగరం గ్రామంలో మంటలు ఆరిన తరువాత మంత్రులు వచ్చారు, పరిహారాలు ప్రకటించారు, విచారణలు జరిగాయి. ఆ ఊరి తల్లులకు ఏ విచారణా బిడ్డలను తిరిగి ఇవ్వలేదు. మన మండలాల్లో ఆ పరిస్థితి రాకముందే జిల్లా కలెక్టరు చొరవ తీసుకోవాలి. గొట్టాలున్న సంస్థలు, జలమండలి, రోడ్లు భవనాల శాఖ, విద్యుత్ సంస్థ, అగ్నిమాపక శాఖ, పోలీసు, రెవెన్యూ అధికార్లు, గ్రామాల ప్రతినిధులు ఒకే బల్ల చుట్టూ కూర్చునే సమావేశం చేవెళ్ళలో జరపాలి. ప్రతి సంస్థా తన మ్యాపుతో పాటు తన ఫిర్యాదుల పుస్తకం కూడా తేవాలి. పుస్తకం తేలేని సంస్థ గురించి ప్రజలు అడగవలసిన ప్రశ్నలు అక్కడి నుంచే మొదలవుతాయి.